తలుచుకున్నది మామయ్య కాదు

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా వసారా నిండా చింతపండే. సారపాక అవతలి అడవి ఊళ్ల నుంచి వచ్చిన కాయను అమ్మా, నాయనమ్మా కూర్చుని కొట్టి గింజ తీసేవాళ్లు. అలాంటి ఒక పొద్దున, రెండేళ్లు నిండిన మా తమ్ముడు ఆ కుప్ప పక్కన ఆడుతూ ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టాడు. మొహం కందిపోయింది. నాయనమ్మ వాడి మాడు మీద తట్టి, "పొలమారింది. కొత్తగూడెంల మీ మామ తలుచుకుంటున్నడు రా" అంది. కాసేపటికి దగ్గు తగ్గింది. మర్నాడు సాయంత్రం మామయ్య నిజంగానే సంచితో దిగాడు. ఇక ఆ మాటకు తిరుగేముంది!

కానీ ఆ తర్వాత వాణ్ణి దగ్గు వదల్లేదు, జ్వరం కూడా పట్టుకుంది. మందు తాగితే జ్వరం తగ్గేది, మందు అయిపోగానే మళ్లీ వచ్చేది. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించేవి. దిష్టి కూడా తీశారు. ఒకరోజు పాలు తాగలేక డొక్కలు ఎగరేస్తుంటే అమ్మ ఏడుస్తూ వాణ్ణి ఎత్తుకుంది, అందరం భద్రాచలం బస్సెక్కాం.

దవాఖానాలో డాక్టరు వాడి వీపు మీద గొట్టం అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు విన్నాడు. కుడివైపు గాలి ఆడటం లేదన్నాడు. ఎప్పుడైనా ఏమైనా గొంతుకు అడ్డం పడిందా అని అడిగాడు. అమ్మ లేదంది. నాన్న తల అడ్డంగా ఊపాడు. వాడు చచ్చిపోతాడేమోనని నేను అమ్మ కొంగు పట్టుకున్నాను.

మా నాయనమ్మ సంగతి చెప్పాలి. కూరలో ఉప్పు ఎక్కువైతే మన నాలుకదే తప్పని వాదించి గెలిచే మనిషి. కోడలి ముందు ఏనాడూ తగ్గింది లేదు. ఆ మనిషి డాక్టరు ముందుకు వచ్చింది.

"పొలమారింది సారూ. చింతపండు కొడుతుంటే పొలమారింది. నోట్ల ఏమున్నదో సూడలే. మామ తలుచుకుంటున్నడని నేనే నెత్తి మీద తట్టిన. తప్పు నాది."

అమ్మ ఆమె వైపు చూసింది.

డాక్టరు వెంటనే హైదరాబాదు పంపాడు. అక్కడ తీసిన ఎక్స్‌రే ఫొటోలో గింజ కనిపించలేదు. నాయనమ్మ మాట పట్టుకునే వాడి గొంతులోంచి గొట్టం దింపి చూశారు. ఊపిరితిత్తి దారిలో ఇరుక్కున్న చింతగింజ ముక్క నానిపోయి, ఉబ్బి బయటికొచ్చింది. చీము పట్టిన ఊపిరితిత్తి కోలుకోవడానికి చాలా కాలం పట్టింది గానీ, తమ్ముడు బతికాడు.

ఇప్పుడు నాకూ కోడలుంది, మనవలున్నారు. పిల్లలకు పొలమారితే ముందు నోట్లో ఏముందో చూస్తాను. అది నేర్చుకోవడం తేలికే. నేనన్నది తప్పని తేలినప్పుడు కోడలి ముందు ఒప్పుకోవడమే కష్టం. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ రోజు నాయనమ్మ కూడా అలాగే ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో గుర్తు చేసుకుంటాను. తప్పు నాదేనని చెప్పేస్తాను.