మూడు వందల నాలుగో పేజీ

ఆ నవల కిలో రెండు వందల గ్రాములు తూగింది. చదవడం మొదలుపెట్టిన నెలలోనే కోపం పట్టలేక మేముండే మంగ్లా పేటలో మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి నేనే తూయించాను. పాత కాగితాలకి ఇచ్చేస్తున్నాననుకుని కొట్టువాడు ధర కూడా చెప్పాడు.

మా నాన్న రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగా ఒక ఉగాదికి తెలుగు సంఘం వాళ్లు శాలువా కప్పి, పదకొండు వందల పేజీల ఆ నవల చేతిలో పెట్టారు. అప్పటి నుంచీ అది మా క్వార్టర్ ముందుగదిలో, వచ్చినవాళ్లకి కనబడేట్టు అద్దాల అల్మారాలో ఉండేది. మాది హిందీ ఊరు, నేను చదివింది హిందీ మీడియం. అమ్మ పలక మీద దిద్దించిన అక్షరాలే నా తెలుగు చదువంతా. ఇంట్లో దేని మీద నోరెత్తినా నాన్న ఆ అల్మారా వైపు వేలు చూపించేవాడు. "ముందు అది సదువు. అప్పుడు మాటాడు." రాయపూర్ కాలేజీలో చేరతానన్నా అదే మాట. వచ్చిన సంబంధం నచ్చలేదన్నా అదే మాట. నా కూతురికి నాకు నచ్చిన పేరు పెట్టుకుంటానన్నా అదే మాట. తెలుగు చదవడం రానిదానికి తెలుగింటి సంగతులెందుకని ఆయన లెక్క. నలుగురి ముందూ అన్నప్పుడు తల కొట్టేసినట్టుండేది.

నలభై రెండో ఏట ఆ నవల తీసి సంచిలో వేసుకున్నాను. పూర్తిచేసి ఆయన ఎదురుగా కూర్చుని, ఇప్పుడు మాట్లాడొచ్చా అని అడగాలి. నాకు కావలసింది అదొక్కటే.

నేను సీపత్‌లో ఒక బళ్లో లెక్కలు చెబుతాను. వెళ్లే బస్సులో, వచ్చే బస్సులో చదివాను. కుదుపులకి గుడులూ కొమ్ములూ ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. కథంతా సముద్రం ఒడ్డున ఉప్పు మళ్లలో జరుగుతుంది. ఒక వాక్యం మొదలైతే పేజీన్నర పోతుంది. తాతకీ మనవడికీ మునిమనవడికీ ఒకటే పేరు. ఎవరు ఎవరో తెలియక బడి డైరీ వెనక వంశవృక్షం గీసుకున్నాను. ఆ రచయిత ఎదురుపడితే నాలుగు దులిపేద్దును. తొమ్మిదో పేజీలో చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఉప్పు అమ్మే ఒకావిడ వస్తుంది. తర్వాత ఆవిడ లేని పేజీ లేదు. ఆవిడ కోసమే చదివాను.

ఎనిమిది నెలలకి మూడు వందల నాలుగో పేజీ తిప్పాను. ఆ తర్వాతి ఆకు విడిగా రాలేదు. ప్రెస్సులో కత్తి సరిగా పడనట్టుంది, ఎనిమిది ఆకులు పై అంచున మడతలతో అలాగే కలిసి ఉన్నాయి. కోస్తే తప్ప లోపల ఏముందో ఎవరూ చదవలేరు. ఇన్నేళ్లలో ఎవరూ కోయలేదు.

ఒళ్లు మండిపోయింది. తను చదవని పుస్తకం పెట్టి నా నోరు నొక్కాడు. బస్సు దిగి ఇంటికి పోకుండా, రెండు వీధుల అవతల, అమ్మ పోయాక నాన్న ఒక్కడే ఉంటున్న ఇంటికి నేరుగా వెళ్లాను. వరండాలో టీ తాగుతున్నాడు. పుస్తకం ఒళ్లో పెట్టి ఆ మడతలు చూపించాను.

"అక్కడిదాకా సదివినాను," అన్నాడు. డ్యూటీలతో ఆగిపోయిందట.

సరే, మూడు వందల పేజీలంటే నాకు ఎనిమిది నెలలు పట్టింది, అంత మాత్రం ఒప్పుకోవాలి అనుకున్నాను. వంటింట్లోంచి కత్తి తెచ్చి ఆయన ముందే మడతలు కోసి, పైకి చదవడం మొదలుపెట్టాను. తడబడ్డాను, పదాలు తప్పు చోట విరిచాను. నా మాటలో ఒక్క అక్షరం తేడా వస్తే పట్టుకునే మనిషి ఒక్కసారి కూడా ఆపలేదు. ఉప్పు అమ్మే ఆవిడ కొడుకుని పడవ ఎక్కించే చోట ఆగి, ఆ వాక్యం మళ్లీ చదివాను. నాన్న ముందుకి వంగాడు.

"ఆ ఉప్పమ్మేది ఎవర్తే?"

తొమ్మిదో పేజీ నుంచీ ఉన్న మనిషి. పుస్తకం ఆయన చేతిలో పెట్టి, మొదటి పేజీ తీసి, మొదటి వాక్యం చదవమన్నాను. కళ్లజోడు లేదన్నాడు. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నాన్న చదివిందీ ఈ ఊరి హిందీ బడిలోనే. పెళ్లికార్డు వచ్చినా, సంఘం కాగితం వచ్చినా, ఏటి రాసినారో సూడు అని అమ్మ చేతికే ఇచ్చేవాడు. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి బద్ధకం అనుకునేదాన్ని.

జాలిపడాలేమో. పడలేదు, ఇంకా మండింది. కాలేజీ సంగతి అడిగాను, సంబంధం సంగతి అడిగాను, కూతురి పేరు సంగతి అడిగాను. పక్కింటివాళ్లు గోడ దగ్గరికి వచ్చినా ఆపలేదు. ఆయన కళ్లజోడు తీసి ఆ మొదటి పేజీ మీద పెట్టాడు. ఆఖరికి అరిచే ఓపిక కూడా పోయి అన్నాను.

"నీకూ రాదని ఒక్క ముక్క సెప్పుంటే, అమ్మ ఉన్నప్పుడే ఇద్దరం ఆవిడ దగ్గర కూకుని నేర్సుకుందుం కదా నాన్నా."