ట్రక్కు ముందు కట్టిన ఫ్లెక్సీ

తుఫాను సహాయానికి మా ఆర్మీ కంపెనీ తెల్లవారుజామున సూళ్లూరుపేటలో దిగింది. వాన అడ్డంగా కొడుతోంది. నేను హవల్దారుని. మూడో ట్రక్కుకి డ్రైవరూ మెకానిక్కూ నేనే. మాది కొడవలూరు. సొంత జిల్లాలో డ్యూటీ పడిందని సంతోషించిన తెలివితక్కువవాణ్ణి.

ఆర్డరు చిన్నది. పులికాట్ సరస్సు అంచున ఒక జాలర్ల కుప్పంలో గోడ కూలి ఒక ముసలాయన కాలు నలిగింది. మధ్యాహ్నానికి రోడ్డు మునుగుతుంది. ఈలోపు ఆయన్ని తేవాలి.

బయల్దేరబోతుంటే అక్కడి నాయకుడి మనుషులు నాలుగు బియ్యం బస్తాలు ఎక్కించి, ట్రక్కు ముందు ఫ్లెక్సీ కట్టారు. ఈ లైటు నుంచి ఆ లైటు దాకా చేతులు జోడించి నవ్వుతున్న నాయకుడు. కింద 'మీ కష్టంలో మీ వెంటే'.

"సార్, రేడియేటర్‌కి గాలి ఆడదు," అన్నాను సుబేదారుతో.

ఆయనా తెలుగాయనే. "ట్రక్కుక్కూడా ఆయాసమా? నడుపు," అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

బురదలో రెండో గేరు. ఏడు కిలోమీటర్లకే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత ఎక్కింది. ఆపాను.

"నీళ్లు చూసుకోకుండా తెచ్చినావు," అన్నాడు సుబేదారు.

ఒక్కొక్కటే చూపించాను. కాస్త చల్లారాక గుడ్డ పట్టి మూత తిప్పాను. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉంది. రేడియేటర్ పై గొట్టం కాలుతోంది, కింది గొట్టమూ కాలుతోంది.

"కిందిది చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదని అర్థం సార్. ఇక్కడ తిరుగుతున్నాయి. చల్లారడమే లేదు."

ఇంజను స్టార్ట్ చేసి ఆయన్ని ముందుకు పిలిచాను. లోపల ఫ్యాన్ లాగుతుంటే ఫ్లెక్సీ జాలీకి అతుక్కుపోయింది. నాయకుడి పొట్ట లోపలికి పోయింది.

"అదిగో, రోగం అక్కడుంది."

"విప్పేస్తే ఫోటో ఎట్టా? కుప్పంలో విలేకరులు కాసుకోనుంటారు. చల్లారినాక పోదాం."

వైర్‌లెస్‌లో బేస్ అడిగింది: "మూడో బండీ, ఎక్కడున్నారు?"

"మరమ్మతు," అన్నాడు సుబేదారు.

మా రేడియో ఆపరేటరు నా చెవి దగ్గరికి వంగాడు. "దేనికన్నా మరమ్మతు?"

"నాయకుడి మొహానికి," అన్నాను.

ఇంకోసారి కాగింది. ఇంకోసారి ఆగాం. ఆ తర్వాత నేనెవరినీ అడగలేదు. కత్తి తీసి తాళ్లు కోశాను. సుబేదారు అరిచాడు. ముల్లు దిగింది. అప్పటికి రోడ్డు మీదికి నీళ్లు వచ్చేశాయి.

ట్రక్కు ఇవతలే వదిలి, తొడలోతు నీళ్లలో నడిచాం. స్ట్రెచర్లు ముందు బండ్లలో వేరే ఊళ్లకి పోయాయి. అందుకని ఫ్లెక్సీనే చుట్టుకుని వెళ్లాను. దాని మీద ముసలాయన్ని పడుకోబెట్టి తలా ఒక మూల పట్టుకున్నాం. కుప్పంలో విలేకరులు ఒక్కరూ లేరు.

దారిలో ఆయన తల తిప్పి కింద బొమ్మని చూశాడు. "ఎవురు నాయనా ఈయన?"

చెప్పాను.

అంత నొప్పిలోనూ నవ్వాడు. "ఈయన గెలిచిన నాడు భుజాన ఎక్కించుకోని ఊరంతా తిప్పినా. ఇన్నాళ్లకి నన్ను మోసినాడు."

నెల్లూరు ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు. పొద్దున్నే తెచ్చి ఉంటే దక్కేదని డాక్టరు సుబేదారుతో కాదు, నాతో అన్నాడు. యూనిట్‌కి తిరిగి వచ్చేసరికి రిపోర్టు సిద్ధంగా ఉంది: రేడియేటర్ నీళ్లు చూసుకోని డ్రైవరు వల్ల ఆలస్యం. కాదని రాసిచ్చాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. రిటైరైనా రాస్తూనే ఉన్నాను. ఫ్లెక్సీ కట్టిన ట్రక్కుదని మీరు మర్నాడు పేపర్లో చూసిన ఫోటో మేం బయల్దేరకముందు తీసింది.

ఇప్పుడు కొడవలూరులో హైవే పక్కన ఉంటున్నాను. ముందు ఫ్లెక్సీ కట్టుకున్న కారు కనబడితే చెయ్యి అడ్డం పెట్టి ఆపుతాను. "మిలిటరీ ఆయనకి మతి చెడింది," అంటారు. అననీ.

ఆ నీళ్లలో నేను పట్టుకున్నది కాళ్లవైపు మూల. నలిగిన కాలు సరిగ్గా ఆ జోడించిన చేతుల మీద ఉంది. నెత్తురు కలిసిన వాననీళ్లు అక్కడే గుంటకట్టి, మా అడుగులకి ఊగుతున్నాయి. ఫ్లెక్సీ కదా, ఒక్క చుక్కా ఇంకలేదు.