పట్టీ కింద దుప్పటి

ఆ ప్రసూతి ఆసుపత్రి పోర్టికోలో, మూడో స్తంభం పక్కన, ఒక చెక్క స్టూలు ఉంటుంది. అది పెద్దమ్మది. ఆమె దాని మీద కూర్చోగా చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఇరవై ఆరేళ్లుగా అక్కడ ఆయాగా పనిచేస్తున్న ఆ మనిషిని పెద్ద డాక్టరమ్మ దగ్గర్నుంచి లిఫ్టు నడిపేవాడి వరకు అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పుస్తకానికే తెలుసు.

ఇప్పుడు ఆమె పని ఒక్కటే. పసిబిడ్డతో ఇంటికి బయలుదేరే ప్రతి కారునూ ఆపి, లోపల పిల్లల సీటు సరిగ్గా బిగించారో లేదో చూడటం. సీటు వెనక వరసలో ఉండాలి. బిడ్డ ముఖం కారు వెనకవైపుకి ఉండాలి. సీటు మరీ నిటారుగా ఉంటే పసివాళ్ల తల ముందుకి వాలిపోయి ఊపిరికి అడ్డం వస్తుంది కనక, సీటు పక్కన గీసి ఉన్న గీత నేలకి సమంగా వచ్చేలా వాల్చాలి. ఇవన్నీ చూశాక, కారు బెల్టు సీటులోంచి దూరే చోట రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఒక్క కుదుపు కుదుపుతుంది. బొటనవేలి వెడల్పు కన్నా ఎక్కువ కదిలిందా, ఇక ఆ కారు కదలదు. మోకాలితో సీటును నొక్కి, బెల్టు లాగి, మళ్లీ మొదటి నుంచీ.

“కారు విరగ్గొట్టేలా ఉన్నారే!” అన్నాడు ఒకసారి కొత్త కారు తెచ్చిన ఒక కొత్త తండ్రి.

“విరిగేదేదో ఇక్కడే విరగనివ్వండి బాబూ,” అంది ఆమె, తల కూడా ఎత్తకుండా.

అమ్మమ్మలతో గొడవ ఇంకో రకం. బిడ్డ ముఖం అటు తిప్పేస్తే మాకెలా కనబడుతుందని నిలదీస్తారు. “కనబడటం ముఖ్యమా, మిగలటం ముఖ్యమా?” అంటుంది పెద్దమ్మ. వెంటనే మెత్తబడి చెప్తుంది. “పసిదాని మెడ ఎంత ఉంటుందమ్మా? బండి ఠక్కున ఆగితే తల ముందుకి విసురుకుపోతుంది. ఇటు తిప్పి పడుకోబెడితే వీపంతా సీటే కాచుకుంటుంది.” అమ్మమ్మలు ముఖాలు ముడుచుకుంటూనే ఒప్పుకుంటారు.

కారు గేటు దాటాక ఆమె స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడుతుంది. పెదవులు కదులుతుంటాయి. కొత్తగా చేరిన నర్సులు ఆమె దేవుణ్ని తలుచుకుంటోందనుకుంటారు. ఆమె లెక్కపెడుతోంది. గేటు దాటి కుడివైపు తిరిగిన కారు మందుల దుకాణాల వరస పక్కనుంచి వెళ్లి నాలుగు రోడ్ల కూడలి దాటడానికి తొంభై అంకెలు పడుతుంది. తొంభై దాకా ఏ చప్పుడూ వినపడకపోతే, అప్పుడు తిరిగి లోపలికి వెళ్తుంది.

ఈ లెక్కకి మూడేళ్లు కావస్తోంది. అంతకు ముందు ఆమె చేతులు వేరే పనికి పేరుపడ్డాయి.

పసిబిడ్డని పొత్తిళ్లలో చుట్టడంలో ఆమెని మించినవాళ్లు ఆ ఆసుపత్రిలో లేరు. గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా ఆమె నాలుగు మడతలు వేసేసరికి నోరు మూసేది. కార్లలో పిల్లల సీట్లు వచ్చిన కొత్తలో ఒక చిక్కు వచ్చిపడింది. సీటు పట్టీ ఒకటి కాళ్ల మధ్య నుంచి రావాలి, మామూలుగా చుడితే కాళ్లు రెండూ ఒకే మూటలో ఉంటాయి. చుట్టకుండా పంపుదామంటే బయట చలి. పెద్దమ్మ వారం రోజులు దిండుతో కుస్తీ పట్టి, దళసరి ఉన్ని దుప్పటిని వీపు కింద నుంచి తెచ్చి, భుజాల మీద మడిచి, కాళ్లకి విడివిడిగా రెండు తొడుగుల్లా చుట్టే పద్ధతి కనిపెట్టింది. దానికి కారు చుట్టు అని నర్సులే పేరు పెట్టారు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయిన ఆమె భర్త, ఇంట్లో ఉన్న రెండు దిళ్లూ కాళ్లూ చేతులతో తయారై ఉండటం చూసి, “వీటికి కూడా టికెట్ కొట్టాలా?” అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. గర్వంగా ఉండేది ఆ రోజుల్లో.

మూడేళ్ల కిందట ఒక చలి ఉదయం, మూడు రోజుల ఆడపిల్లని అలాగే చుట్టి కారు దాకా తనే ఎత్తుకెళ్లింది. తండ్రి చాలా జాగ్రత్త గల మనిషి. సీటు ముందు రోజే తెచ్చి, కాగితం చదువుకుంటూ వెనక్కి తిప్పి బిగించాడు. అంగుళం కదలలేదు. పాపని పడుకోబెట్టి, పట్టీలు భుజాల మీదికి తెచ్చి, బకిల్ టక్కుమనిపించి, కొస పట్టుకుని లాగాడు. ఇంకా లాగాడు. తర్వాత పెద్దమ్మ వైపు చూసి, “చాలా?” అని అడిగాడు. ఆమె దుప్పటి మీద అరచెయ్యి వేసి చూసింది. బిగుతుగానే ఉంది. “చాలు బాబూ,” అంది.

ఆ చప్పుడు ఆమె పోర్టికోలో ఉండగానే వినిపించింది. కూడలిలో ఆగకుండా వచ్చిన ఒక వ్యాను వాళ్ల కారును గుద్దింది. తండ్రికి చెయ్యి విరిగింది, తల్లికి నుదుటి మీద దెబ్బ. సీటు ఉన్న చోటే ఉంది, బెల్టు తెగలేదు. పట్టీల మధ్య దుప్పటి చుట్టింది చుట్టినట్టే ఉంది. లోపల పాప లేదు. పాప సీట్ల కింద దొరికింది, అప్పటికే ప్రాణం లేదు.

విచారణ కాగితంలో ఒక్క ముక్క రాశారు: పట్టీలు సరిగా బిగించలేదు. బిగించింది తండ్రి.

పెద్దమ్మ కూడా ముందు అదే నమ్మింది. నమ్మడం తేలిక కూడా. నాలుగు నెలలకి ఆసుపత్రివాళ్లు సీట్లు బిగించడం నేర్పే ఆవిడని పిలిపించి అందరికీ క్లాసు పెట్టించారు. ఆవిడ ఒక బొమ్మని బల్ల మీద పెట్టి, దీన్ని ఎవరైనా చలికి చుట్టండి అంది. “మా పెద్దమ్మ కారు చుట్టు చూడాలండీ!” అని నర్సులు ఆమెని ముందుకి తోశారు. ఆమె చుట్టింది. ఆవిడ పట్టీలు బిగించి, భుజం దగ్గర పట్టీని గిల్లి చూపించింది. మడత పట్టుబడలేదు, అంటే బిగుతుగానే ఉన్నట్టు. తర్వాత బకిల్ విప్పి, పట్టీలు అంతే ఉంచి, దుప్పటి తీసేసి, బొమ్మకి మళ్లీ బకిల్ పెట్టింది. పట్టీకీ బొమ్మకీ మధ్య ఒక పిడికిలి పెట్టింది. రెండో పిడికిలి కూడా పెట్టింది.

“గుద్దుకున్నప్పుడు ఉన్ని ఇలా అణిగిపోతుంది. ఇంత వదులు అప్పుడు బయటపడుతుంది,” అంది ఆవిడ. “బిడ్డకి పలచని బట్టలే వేసి పట్టీలు బిగించండి. దుప్పటి ఆ పైన కప్పండి. పట్టీ కింద ఏదీ వద్దు.”

అందరూ అయ్యో అయ్యో అనుకున్నారు. రాసుకున్నవాళ్లు రాసుకున్నారు. పెద్దమ్మ వైపు ఎవరూ చూడలేదు. ఎవరైనా చూసి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ రోజు నుంచి వేళ్లు పట్టేస్తున్నాయని అబద్ధం చెప్పి చుట్టడం మానేసింది. పోర్టికో పని అడిగి మరీ తీసుకుంది. అయినా చేతులు మానలేదు. ఇంట్లో తువ్వాలు మడత పెడుతుంటే అది భుజాలూ కాళ్లూ వచ్చి తయారయ్యేది. ఒకసారి నిద్రలేచి చూస్తే ఒళ్లో దిండు కారు చుట్టులో ఉంది. చుట్టింది తనే, ఎప్పుడు చుట్టిందో తెలియదు. లోపల ఖాళీ ఉంటుందేమోనని విప్పడానికి భయపడింది. దిండులో ఖాళీ ఏమిటని మనకి అనిపిస్తుంది. ఆమెకి అనిపించలేదు.

భర్తకి ఒక్కడికే చెప్పింది.

“ఇప్పుడు వాళ్లకి చెప్తే బిడ్డ తిరిగొస్తుందా?” అన్నాడు ఆయన.

“రాదు.”

“మరెందుకు?”

జవాబు దొరకలేదు. కానీ ఒక ఆదివారం ఆ తల్లిదండ్రుల చిరునామా పట్టుకుని వాళ్ల ఇంటి వీధి దాకా వెళ్లింది. ఎదురింటి గేటు దగ్గర నిలబడి ఉండగా, ఆ తండ్రి సంచి పట్టుకుని నడుచుకుంటూ వచ్చి తల దించుకుని లోపలికి వెళ్లాడు. ఎదురింటావిడ అడక్కుండానే చెప్పింది. “పాపం, ఆయన బెల్టు సరిగా పెట్టకే పిల్ల పోయిందట. ఇంట్లో మాటల్లేవు, అంతే.” పెద్దమ్మకి జవాబు అక్కడ దొరికింది. దొరికిన జవాబు పట్టుకుని బస్సెక్కి ఇంటికొచ్చేసింది. దానికి పిరికితనం కన్నా మంచి పేరు లేదు, ఆమె కూడా పెట్టుకోలేదు.

మొన్నామధ్య ఆ దంపతులే మళ్లీ వచ్చారు. మగపిల్లాడు. మూడు రోజులూ ఆమె ఆ వార్డు మెట్లు ఎక్కలేదు. నాలుగో రోజు పొద్దున పది గంటలకి, సన్నటి వాన పడుతుండగా, వాళ్ల కారు పోర్టికోలోకి వచ్చింది. సీటు ముందే బిగించి ఉంది. ఎవరో దుకాణంవాడు బిగించాడట. కుదిపి చూసింది, రాయిలా ఉంది. తండ్రి కారుకి అయిదారు అడుగుల దూరంలో, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

తల్లి బిడ్డని ఎత్తుకుని దగ్గరికొచ్చింది. నుదుటి మీద మచ్చ అలాగే ఉంది. చేతిలో కొత్త ఉన్ని దుప్పటి.

“పెద్దమ్మా, మీ కోసమే చూస్తున్నాను,” అంది. “ఆ రోజు దాన్ని చుట్టినట్టే వీణ్ని చుట్టండి. చలి తగలకుండా వెళ్లింది అది. నాకు మిగిలింది ఆ ఒక్క మాటే.” తర్వాత గొంతు తగ్గించింది. “పట్టీలు కూడా మీరే బిగించండి. ఆయన చెయ్యి పెట్టరు. నేను పెట్టనివ్వను కూడా.”

దుప్పటి ఆమె చేతుల్లోకి వచ్చింది. వేళ్లు అప్పుడే మడత వెతుక్కుంటున్నాయి. ఏళ్ల తరబడి అలవాటు, అడగక్కర్లేదు వాటికి. ఆమె దుప్పటిలోనే వేళ్లు ముడిచేసుకుంది.

“చుట్టను తల్లీ,” అంది.

“వేళ్ల నొప్పులా? నర్సులు చెప్పారు.”

“కాదు. వేళ్లు బాగానే ఉన్నాయి.” ఆమె తండ్రి వైపు తిరిగింది. ఆయనకి వినపడాలి. “బాబూ, ఆ రోజు మీరు గట్టిగానే బిగించారు. ఇంకా లాగారు. చాలా అని నన్నడిగారు. నేను చాలన్నాను. పట్టీ కింద నా దుప్పటి ఉంది. గుద్దినప్పుడు అది అణిగిపోయింది. వదులు మీది కాదు, నా చుట్టుది. నాలుగు నెలలకే తెలిసింది నాకు. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.”

తండ్రి జేబుల్లోంచి చేతులు తీశాడు. వాటిని ఏం చేసుకోవాలో తెలియక అలాగే పట్టుకు నిలబడ్డాడు. తల్లి ముఖం తెల్లగా పాలిపోయింది. దుప్పటిని పెద్దమ్మ చేతుల్లోంచి లాక్కుంది.

“వీణ్ని ముట్టుకోకండి,” అంది. “వెనక్కి వెళ్లండి.”

పెద్దమ్మ వెళ్లింది. స్తంభానికి వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. తల్లి భర్త వైపు చాలాసేపు చూసింది. మూడేళ్లలో అలా చూసి ఉండదు. తర్వాత బిడ్డని ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన వంగి బిడ్డని సీట్లో పడుకోబెట్టాడు. పలచటి చొక్కాలో వాడు పిడికిళ్లు బిగించి ముఖం చిట్లించాడు. ఆయన పట్టీ పట్టుకున్నాడు గానీ చేతులు కదల్లేదు.

“పట్టీ భుజానికి సమంగా గానీ, కాస్త కింద నుంచి గానీ రావాలి బాబూ,” అంది పెద్దమ్మ స్తంభం దగ్గర్నుంచే. “ఇప్పుడు బకిల్. చప్పుడు వినాలి.” టక్కుమంది. “ఛాతీ మీది క్లిప్పు చంకల దాకా జరపండి. కొస లాగండి. భుజం దగ్గర పట్టీని గిల్లి చూడండి.”

“మడత పడుతోంది.”

“లాగండి.”

లాగాడు. మళ్లీ గిల్లాడు. వేళ్లు పట్టీ మీద నుంచి జారిపోయాయి. ఆయన తలెత్తి ఆమెని చూశాడు. ఆ రోజు మాటే మళ్లీ నోట వచ్చింది. “చాలా?”

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆ మాట నన్నడక్కండి బాబూ. మీ వేళ్లనడగండి.”

ఆయన ఇంకోసారి గిల్లి చూశాడు. ఇంకోసారి. “చాలు,” అన్నాడు తనే, ఎవరికో ఒప్పజెప్పినట్టు. ఆ తర్వాత కారు తలుపుకి నుదురు ఆనించి ఏడ్చాడు. భార్య ఆయన వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు తీయలేదు.

వాళ్లు ఎక్కబోతుండగా తల్లి ఆగింది. బిడ్డ కాళ్లు చలికి ముడుచుకుంటున్నాయి. ఆమె చేతిలో దుప్పటి చూసుకుంది, స్తంభం వైపు చూసింది. మొహంలో మెత్తదనం ఏమీ లేదు.

“రండి,” అంది. “ఇప్పుడు కప్పండి.”

పెద్దమ్మ వెళ్లింది. వెనక దాచుకున్న చేతులు ముందుకి తెచ్చి, దుప్పటి విప్పి, పట్టీల పైన, ఛాతీ దాకా కప్పింది. అంచు ఎక్కడా లోపలికి దోపలేదు. ముఖం వైపు రాకుండా సర్ది, చేతులు తీసేసుకుంది. తల్లి ఒక్క మాట కూడా అనకుండా తలుపు వేసుకుంది.

కారు మెల్లగా గేటు దాటి కుడివైపు తిరిగింది. పెద్దమ్మ స్తంభం పట్టుకుని లెక్క మొదలుపెట్టింది. ఎనభై దగ్గర ఊపిరి బిగబట్టింది. తొంభై వచ్చింది. ఏ చప్పుడూ లేదు. తొంభై ఒకటి, తొంభై రెండు. నూరు దాటినా ఆమె లోపలికి వెళ్లలేదు.