లామినేషన్ చేసిన వంతెన

మ్యూజియంలో పాత కాగితాలనూ చిత్రాలనూ బాగుచేసే విభాగంలో సీనియర్ కన్సర్వేటర్‌గా నా ఆఖరి వేసవిలో, నన్ను నానక్‌రామ్‌గూడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపారు. జపాన్ క్లయింటు ఒకాయన వాళ్లకు ఒక బొమ్మ కానుకగా ఇచ్చారు. నది, దాని మీద వంతెన. రంగుకొక చెక్కదిమ్మె చెక్కి, పలచటి కాగితం మీద అద్దిన పాత పని. ఆయన నెలాఖరుకు మళ్లీ వస్తున్నారు.

బొమ్మను చేతిలోకి తీసుకున్నాను. దానికి లామినేషన్ చేయించారు.

చేయించింది అడ్మిన్ ఆఫీసరు సునీత, కాకినాడ ఆవిడ. "ఏసీ చెమ్మకి పాడైపోతుందనండీ. మా వాడి టెన్త్ మెమో కూడా అలాగే చేయించాం," అంది. ఆమె పైఅధికారి నర్సింగరావు గారు, "నయం, ఆధార్ కార్డు లెక్క జేబుల పెట్టుకోలే," అన్నారు. బొమ్మ బాగుపడకపోతే ఆమె ఉద్యోగం పోతుందని నాకు విడిగా చెప్పారు.

మళ్లీ తీయలేనిది దేన్నీ కాగితానికి అంటించకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. లామినేషన్‌లో వేడికి కరిగిన జిగురు కాగితపు పోగుల్లోకి దిగుతుంది. బొమ్మను మా ల్యాబుకు తెచ్చి, ఒక మూల పొర లేపి, ద్రావకం చుక్క వేసి రంగు కదలదని చూసుకున్నాను. ఎప్పటిలాగే ప్రార్థన చేసుకుని పని మొదలుపెట్టాను. ద్రావకంలో నానబెట్టి, మెత్తబడ్డ పొరను గోరంత గోరంతగా ఒలిచాను.

రంగులన్నీ దక్కాయి. అలలు దక్కలేదు. వాటిని రంగు లేకుండా, దిమ్మె ఒత్తిడితోనే కాగితం మీద ఉబ్బెత్తుగా తేల్చారు. వేడి రోలర్లు వాటిని అణిచేశాయి. వెనకవైపు ఆనవాళ్లు మాత్రం మిగిలాయి. బొమ్మను తిరిగి తీసుకెళ్లి, ఆ సంగతి ఇద్దరికీ చెప్పాను.

"అద్దం ఎనక పెడితే ఎవరికి కనవడ్తది సార్? జర ఊకోండి. రిపోర్టుల రాస్తే ఈమెకే పరేషాన్," అన్నారు నర్సింగరావు గారు. నేను ఒప్పుకోలేదు. సగం దాచిన సాక్ష్యం అబద్ధ సాక్ష్యమేనని బైబిలు వాక్యం చదువుకుంటూ చర్చి సంఘంలో పెరిగినవాణ్ని. ఆమెకు నష్టమని తెలిసే ఒప్పుకోలేదు.

సునీతే కలగజేసుకుంది. "రాయండి సార్. ఆ జపాన్ ఆయనకి నేనే చెప్తాను."

ఆయన రాగానే, ఎవరూ అడగకముందే చెప్పింది. ఆయన ఫ్రేము విప్పించి, బొమ్మను కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని, అలలు ఉండవలసిన చోట చాలాసేపు చూశారు. దాచి ఉంటే అక్కడే దొరికిపోయేవాళ్లం. ఆమె చెప్పేయడంతో ఆయన అడగడానికి ఏమీ మిగల్లేదు. వెళ్లేముందు, ఇకమీదట ఆ బొమ్మ బాధ్యత ఆమెకే అప్పగించమని నర్సింగరావు గారితో అన్నారు.

బాగుచేయడంతో కన్సర్వేటర్ పని పూర్తికాదు. బాగుకాని దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాకే పూర్తవుతుంది.