మొహం మీద కొట్టనివాడు

పరుపులు కుట్టే ఆ ఇరవై రెండేళ్ళవాడికి బాక్సింగ్ పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలీదు గానీ, వాళ్ళమ్మ పెట్టిన షరతు మాత్రం వీధి వీధంతటికీ తెలుసు.

"ఆడుకో, నేనేం అడ్డు చెప్పను. కానీ ఎవడి మొహం మీదైనా నీ చెయ్యి పడిందో, ఇంట్లో అడుగు పెట్టనివ్వను. మొహం జోలికి వెళ్ళొద్దని ప్రవక్తే చెప్పారు," అంది ఆవిడ పరుపు మూల కుడుతూ. దారం పుటుక్కున తెంపి, ఇక మాట్లాడేదేం లేదన్నట్టు పెద్ద సూదిని పరుపులో గుచ్చేసింది.

వాడు సరేనన్నాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. అదే కొంప ముంచింది.

ఊళ్ళో ఏటా జరిగే పోటీల్లో మొదటి ఏడాది ఈ షరతు సంగతి అవతలివాళ్ళకి తెలియదు కాబట్టి డొక్కల మీదే కొట్టి గెలుచుకొచ్చాడు. మందపాటి పరుపుల్ని అదిమి కుట్టే చేతులాయె, దెబ్బ తగిలినవాడికి ఊపిరాడేది కాదు. తర్వాత సంగతి పొక్కింది. ఇంకేముంది! ఎదుటివాళ్ళు మోచేతులు డొక్కలకి ఆనించుకుని, మొహాన్ని కొట్టుకోరా అన్నట్టు ముందుకు చాపడం మొదలెట్టారు. వీడేమో కొట్టడాయె. వరసగా రెండేళ్ళు ఫైనల్లో ఓడాడు. జనం పడీపడీ నవ్వారు. మసీదు మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ కూడా నవ్వారు, సిగ్గులేకపోతే సరి!

స్కూటర్లు బాగుచేసుకుంటూ సాయంత్రాలు జిమ్ము నడిపే కోచ్ తల పట్టుకున్నాడు.

"నేనూ అయిదు పూటలా నమాజు చేసేవాణ్ణే. అది తగాదాలకి చెప్పిన మాట్రా. ఇది ఆట. ఇద్దరూ ఒప్పుకునే దిగుతారు."

"మొహం మీద కొడతానని నేనెప్పుడు ఒప్పుకున్నాను ఉస్తాద్?"

"నోటికేం తక్కువ లేదు! ఈసారి కూడా మొహం వదిలేసి ఓడొచ్చావో, జిమ్ము గుమ్మం తొక్కనివ్వను. నీ చోటు ఇంకోడికిస్తా."

"ఓడితే కదా!"

పైకి అలా అన్నాడే గానీ, లోపల గుబులుగానే ఉంది. పరుపుల కొట్టు, ఇల్లు, మసీదు పోగా వాడికంటూ మిగిలింది ఆ జిమ్మొక్కటే. అదీ పోతే ఏం చెయ్యాలో పాలుపోలేదు.

ఫైనల్లో ఎదురొచ్చింది నిరుడు వీణ్ణి ఓడించిన వెల్డరే. రెండు రౌండ్లూ మోచేతులు దించుకుని, గడ్డం ముందుకు పెట్టి ఆటపట్టించాడు. పరుపులవాడి దెబ్బలన్నీ ఆ మోచేతుల మీదే పడ్డాయి. "మొహం! మొహం!" అని రింగు కింద నుంచి కోచ్ గొంతు చించుకుంటున్నాడు. మూడో రౌండు సగంలో వెల్డరు దగ్గరికొచ్చి, "ఏం, అమ్మ కొడుతుందని భయమా?" అన్నాడు.

పరుపులవాడికి ఒళ్ళు మండిపోయింది. కోపంలో తనను తాను పట్టుకున్నవాడే బలవంతుడని ప్రవక్త చెప్పిన మాట చిన్నప్పట్నించీ వింటున్నదే. ఆ క్షణాన ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు! కుడిచెయ్యి తిన్నగా ఆ ముక్కు మీదికే లేచింది.

ఆ కళ్ళు చూసేసరికి వెల్డరుకి పైప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులూ ఎత్తి మొహం కప్పుకున్నాడు. గ్లవుజు వాటికి జానెడు దూరంలో ఆగింది. పరుపులవాడే ఆపాడు. ఆపిన ఊపుకి భుజం కలుక్కుమంది. ఎదురుగా డొక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. ఎడమచేత్తో ఒక్కటిచ్చాడు. వెల్డరు మోకాళ్ళ మీద కూలబడ్డాడు, రెఫరీ పది లెక్కపెట్టినా లేవలేకపోయాడు.

కోచ్ తాళ్ళ మధ్యనుంచి దూరి వచ్చి వాటేసుకున్నాడు. "ఓరి నీ దుంపతెగ! మొహం మీదికన్నట్టు చూపించి డొక్కలో ఇచ్చావా? ఏం ఎత్తురా!"

"ఎత్తూ లేదు, పాడూ లేదు ఉస్తాద్. నిజంగానే కొట్టబోయాను."

"నోర్ముయ్! ఎత్తేనని చెప్పు. అందరూ వింటున్నారు."

"విననివ్వండి. కోపమొచ్చింది, కొట్టబోయాను, ఆపుకున్నాను. గెలిచాను కదా అని అబద్ధమాడమంటారా?" పక్కన రెఫరీ, ముందు వరస జనం నోళ్ళు తెరిచి చూస్తున్నారు. వాడు గొంతు తగ్గించలేదు సరికదా, ఇంకాస్త పెంచాడు. "మా అమ్మకీ ఇదే చెప్తా!"

కోచ్ నెత్తి కొట్టుకున్నాడు.

వెల్డరు డొక్క పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. "నిజం చెప్పన్నా. వచ్చే ఏడాది నేను మొహం కాచుకోవాలా, వద్దా?"

పరుపులవాడు కుడి గ్లవుజు విప్పి, ఆ చేతిని ఓసారి తిప్పి చూసుకున్నాడు.

"నువ్వు డొక్కలు కాచుకో," అన్నాడు. "నీ మొహాన్ని నేను కాస్తా."