చిక్కటి పానకం

మునగపాకలో బెల్లం వండేచోట బుల్లమ్మ మాటకు తిరుగులేదు. పొయ్యి మీది పెద్ద పెనంలో చెరకురసం మరిగి దగ్గర పడుతుంటే, చెంబునీళ్లలో ఒక చుక్క పాకం వేసి వేళ్లతో నొక్కి చూసేది. దింపమంటే దింపాల్సిందే. మొగుడు పోయాక కూతురు లావణ్యను ఆ చేతులతోనే పెంచింది. ఇప్పుడు లావణ్య పరవాడలో మందుల కంపెనీకి వెళ్తోంది. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రం దాకా రాదు. పని చేసేచోటికి ఫోను తీసుకెళ్లనివ్వరు. ఇంకా మాటలు సరిగ్గా రాని ఆమె కూతురు హాసిని అమ్మమ్మ దగ్గరే ఉంటుంది.

ఆ రోజు పొద్దుటి నుంచి హాసినికి నీళ్ల విరేచనాలు. పిల్ల నీరసపడుతోందనుకుంది బుల్లమ్మ. ఆ ఇంట్లో నీరసానికి మందు ఒకటే. కొత్త బెల్లం కొట్టి, చిక్కగా పానకం కలిపి పట్టింది. పిల్ల ఆత్రంగా తాగింది. విరేచనాలు ఎక్కువయ్యాయి. ఈసారి ఇంకా చిక్కగా కలిపింది.

మధ్యాహ్నం పిల్ల ఏడ్చింది. కళ్లు తుడుద్దామని బుల్లమ్మ చెంగు పట్టింది. చెంగు తడవలేదు. అప్పుడు చూసింది, కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

ఎదురింటి సత్తియ్య ఆటో తీశాడు.

"బెంగెట్టుకోకప్పా. పిల్లలన్నాక కడుపు సెడదా ఏటి?"

"కబుర్లాపి బండి తోలరా."

"తోల్తన్నాను. ఈ గోతులు పోనిత్తే కదా."

అనకాపల్లి ఆసుపత్రిలో డాక్టరు చూసి వెళ్లాక, నర్సు రాజశ్రీ పిల్ల పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి వదిలి చూపించింది. మడత వెంటనే పోలేదు. మెల్లగా సర్దుకుంది. బుల్లమ్మ ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది.

"సూసేవా మామ్మా? దీన్నే డీహైడ్రేషన్ అంటారు. ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గిపోయేయి. ఇంటికాడ ఏటి పట్టేవు?"

"పానకం. బలమొత్తాదని సిక్కగా కలిపేను."

"బెల్లమోళ్లు మీరు. జొరమొచ్చినా బెల్లమే, జలుబొచ్చినా బెల్లమే. అంత తీపి కడుపులోకెళ్తే, ఒంట్లో నీళ్లని పేగులోకి లాగేత్తాది. మోషన్లు ఇంకా పెరుగుతాయి."

బుల్లమ్మ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసింది.

"రెండోసారి కూడా పట్టేను. ఇంకా సిక్కగా."

రాజశ్రీ ఒక గిన్నె, చెంచా తెచ్చింది. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి గిన్నెలో పోసి ఇచ్చింది.

"సెంచాతో కొంచెం కొంచెం పట్టు. కక్కితే కాసేపాగి మళ్లీ మొదలెట్టు. ఇది నిలవకపోతే సెలైన్ ఎక్కించాలి. మత్తుగా పడిపోతే ఎంటనే పిలు."

బుల్లమ్మ రుచి చూసింది. "కుడితి నీళ్లలాగున్నాయి. ఇందులో బలమేటుంది?"

"బలం తర్వాత. ముందు నీళ్లు నిలవనీ. ఉచ్చ పోసిందంటే నిలిచినట్టే."

పిల్ల చెంచాను కొరికేసేలా తాగుతోంది. బుల్లమ్మ ఆగలేకపోయింది. గిన్నె ఎత్తి నోటికి ఆనించింది. పిల్ల గటగటా తాగి, తాగిందంతా కక్కేసింది.

రాజశ్రీ సెలైన్ స్టాండును మంచం దగ్గరకు లాగి నిలబెట్టింది.

"ఇంకొక్కసారి సూద్దాం."

బుల్లమ్మ చెంచా చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుంది. మంట ఎగదోస్తే పాకం మాడుతుంది. అది ఆ చేతికి తెలుసు. కాసేపాగి ఒక చెంచా పట్టింది. అది గొంతు దిగేదాకా చూసింది. ఇంకో చెంచా.

ఫోను మోగింది. టీ వేళలో బయటికొచ్చిన లావణ్య.

"పిల్ల ఎలాగుందమ్మా?"

"ఆసుపత్రిలో ఉన్నాం. వచ్చెయ్యి."

"ఏటైంది? ఏటి పెట్టేవ్?"

"పానకం పట్టేను. తప్పు నాదే. వచ్చి తిడుదువుగాని, ఇప్పుడు సెంచా ఆపకూడదు."

ఫోను పెట్టేసింది. పిల్ల రెప్పలు వాలుతున్నాయి. "హాసినీ" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. పిల్ల కళ్లు విప్పి నోరు తెరిచింది. చెంచా. ఆగింది. చెంచా.

కిటికీలోంచి పడే ఎండ మంచం దిగి నేల మీదికి జారింది. ఒళ్లో పిల్ల కింద వెచ్చగా తడి తగిలింది. మళ్లీ విరేచనమే అనుకుంది బుల్లమ్మ. పిల్లను కొంచెం ఎత్తి చూసింది. విరేచనం కాదు.

"సిస్టరమ్మా. ఉచ్చ పోసింది."

రాజశ్రీ వచ్చి తడిసిన చీర చూసింది. పిల్ల పొట్ట మీద చర్మం మరోసారి మడిచి వదిలింది. సెలైన్ స్టాండును గోడ వైపుకు తోసింది.

"మార్చుకోడానికి సీర తెచ్చుకున్నావా మామ్మా?"

"ఉండనీమ్మా" అని బుల్లమ్మ చెంచా ముంచింది.