పసుపు పూసిన పత్రం

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పనుంటే కాసేపు పక్కన పెట్టండి. ఈ సంగతి ఎత్తుకుంటే ఇన్నేళ్లయినా నా గొంతు లేస్తుంది. ఆ కోపం మీ మీద కాదు.

అప్పట్లో జూబ్లీహిల్స్‌లో, సినిమాలకు పెట్టుబడి పెట్టే ఒక సారు ఇంట్లో వంట చేసేదాన్ని. రోజూ రహమత్ నగర్ నుంచి నడిచే వెళ్లేదాన్ని. మా పోస్టాఫీసులో సర్కారు పత్రం ఒకటి అమ్మేవారు. రెండున్నర వేలు కడితే అయిదున్నరేళ్లకు అయిదు వేలు. మధ్యలో వడ్డీ అని ఒక్క పైసా చేతికి రాదు. దాని మీద పేరు కూడా ఉండదు, ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. చీటీ డబ్బుతో ఒకటి కొన్నాను. మా ఇంట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు పసుపు పెడతాం. దానికీ నాలుగు మూలలా తడి పసుపు పూశాను.

మా రేకుల గది వానకు కారేది. "మా బీరువాలో పెట్టుకోవే, ఎక్కడికీ పోదు" అన్నారు అమ్మగారు. నమ్మి ఇచ్చాను.

ఆ అయిదున్నరేళ్లలో మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచాయి. ఇంటర్ పాసైన నా బిడ్డ కంప్యూటర్ కోర్సులో చేరతానంది. ఫీజు సరిగ్గా అయిదు వేలు. గడువు దాటిన నాలుగో రోజు పత్రం అడిగితే, బీరువాలో లేదన్నారు. పోస్టాఫీసుకు పరుగెత్తాను.

"పసుపు కాయితమా? మొన్ననే ఒక సారు తెచ్చిండు" అన్నాడు గుమాస్తా. "ఆయన కట్టల అదొక్కటే పచ్చగుండె. పూజ చేసి తెస్తరా ఏంది, నంబరు కనవడ్తలేదని నేనే లొల్లి చేసిన."

తిరిగొచ్చి నిలదీస్తే అమ్మగారు తొణకలేదు. "మా వాటితో కలిసిపోయిందేమోనే. ఆ డబ్బు సారు కొత్తగా కొన్న స్థలానికి కట్టేశారు. నువ్వు పెట్టింది రెండున్నర వేలేగా, ఇదిగో తీసుకో. నీకు పోయిందేముంది?"

ఒళ్లు మండిపోయింది. "ఏం పోయిందా అమ్మా? అయిదున్నరేండ్లు చెప్పుల్లేకుంట మీ గుట్టెక్కిన, పండుగకు చీర కొనలే. మీరు అన్నం తిని నాకు బియ్యం వాపస్ ఇస్తరా?"

ముందు గదిలో భోజనానికొచ్చిన పెద్దమనుషులతో ఉన్న సారు అక్కడి నుంచే అరిచారు. "దాని మీద నీ పేరుందా?"

"పేరు లేదు సారూ, నా పసుపున్నది. పోస్టాఫీసాయనకు యాదికున్నది, పిలుసుకొస్త." అని పొయ్యి ఆర్పేశాను. పులుసు సగం ఉడికి ఉంది. "మిగిలింది ఇచ్చేదాంక ఈ పొయ్యి వెలగదు."

ముందు గదిలోని పెద్దమనుషులు వంటింటి వైపు తలలు తిప్పారు. సారు వచ్చి మిగతా రెండున్నర వేల నోట్లు నేల మీదకు విసిరారు. "రేపట్నుంచి గేటు దగ్గర కనపడకు."

వంగి ఒక్కొక్కటీ ఏరుకున్నాను. నా డబ్బు నేను ఏరుకోవాల్సి వచ్చిందని ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. ఆ సాయంత్రమే బిడ్డ ఫీజు కట్టింది.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ బీరువా తాళం మీ కొంగునే ఉండాలి. మీరు ఓపిక పట్టి దాచుకున్నది మీ పిల్లల చేతికే అందాలి.